పాఠకుల ప్రశ్నలు: లుబ్లియానాలో మూడు రోజులు

ప్రశ్న: వచ్చే మే నెలలో నేనూ మావారూ వియన్నాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాము. అక్కడి నుంచి మూడు రోజులు స్లొవేనియా రాజధాని లుబ్లియానాకు తీసుకువెళ్లి, బ్లెడ్ సరస్సు, పొస్తోయ్నా గుహలు, వీలైతే వెనిస్ కూడా చూపిస్తానంటున్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఏవి చూడమంటారు? భోజనం మాటేమిటి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ముందుగా వెనిస్‌ను ఈ ప్రయాణం నుంచి తీసివేయండి. మూడు రోజుల్లో రెండు దేశాలు తిరిగితే రైళ్లు, బస్సులే గుర్తుంటాయి. వియన్నా నుంచి లుబ్లియానాకు నేరు రైలులో సుమారు 6 గంటలు పడుతుంది. ఆస్ట్రియా, స్లొవేనియా రెండూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) పరిధిలోనివే కనుక ఆస్ట్రియాకు తీసుకున్న షెంగెన్ వీసా అక్కడా చెల్లుతుంది.

పాతనగరంలోకి కార్లను రానివ్వరు, అక్కడ దారి చదునుగా ఉంటుంది, నదీతీరం పొడవునా కూర్చునే చోట్లు ఉన్నాయి కాబట్టి మీవారికి ఇంతకంటె అనువైన ఊరు దొరకడం కష్టం. కృష్ణ ఒడ్డున ఇంద్రకీలాద్రి ఉన్నట్లే లుబ్లియానిత్సా నది వంపులో ఒక కొండ, దానిపై కోట ఉన్నాయి. 2006 నుంచి పట్టాలపై నడిచే లిఫ్టు కూడా ఉంది కనుక మెట్లెక్కే పని లేదు.

నడిబొడ్డున ఉన్న కూడలికి రాజుల పేరు కాక ఫ్రాన్స్ ప్రెషెరెన్ (1800–1849) అనే కవి పేరు పెట్టుకున్నారు; ఆయన వర్ధంతి అయిన ఫిబ్రవరి 8 ఆ దేశంలో సాంస్కృతిక సెలవుదినం. కవిని అంతగా గౌరవించే ఊరిని తెలుగువారు తప్పక చూడాలని నా అభిప్రాయం. ఆ కూడలి పక్కనే మూడు వంతెనలు ఒకదాని సరసన ఒకటి ఉంటాయి. 1842 నాటి పాత వంతెనను పడగొట్టకుండా, దానికి ఇరువైపులా నడిచేవారి కోసం రెండు వంతెనలు చేర్చినవాడు అదే ఊళ్లో పుట్టిన వాస్తుశిల్పి యోజె ప్లెచ్నిక్. నది పక్కన ఉన్న మార్కెట్ స్తంభాల వరుస, జాతీయ గ్రంథాలయం కూడా ఆయన కట్టినవే. ఆయన పనులను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1901 నాటి డ్రాగన్ వంతెన కూడా అక్కడికి దగ్గరే.

మీ మూడు రోజుల్లో ఒకటి శుక్రవారం అయ్యేలా చూసుకోండి. వాతావరణం అనుకూలిస్తే వసంతం నుంచి అక్టోబరు వరకు శుక్రవారాల్లో మార్కెట్ పక్కన వంటవాళ్లు అంగళ్లు పెట్టి కళ్లెదుటే వండి వడ్డిస్తారు కనుక, పళ్లెంలో ఏముందో చూసుకుని తీసుకోవచ్చు. ఆదివారం మాత్రం మార్కెట్ ఉండదు, దుకాణాలు కూడా చాలావరకు మూసి ఉంటాయి.

భోజనం విషయంలో మీరు జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఇష్టంగా తినే ష్త్రుక్లి అనేది పలుచని పిండిరేకులో జున్నులాంటి విరిగిన పాలముద్దనో, అక్రోట్లనో పరిచి, చాపలా చుట్టి ఉడికించేది. మాంసం లేకపోయినా పూర్ణంలో తరచూ గుడ్డు కలుపుతారు. యోతా అనే పుల్లని క్యాబేజీ, చిక్కుడుగింజల పులుసులో పొగబెట్టిన పందిమాంసం వేయడం మామూలే. బక్‌వీట్ అనే ధాన్యపు గింజలను పుట్టగొడుగులతో వండిన వంటకం మీకు సరిపోవచ్చు, అయితే పందికొవ్వు వాడారా అని అడిగి తీసుకోండి. మాంసం వద్దంటే ‘బ్రెజ్ మెసా’, గుడ్లు వద్దంటే ‘బ్రెజ్ యాయ్ట్స్’ అని చెప్పండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు.

ఆకాశం తేటగా ఉన్న రోజు సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని బ్లెడ్‌కు బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రండి. పొస్తోయ్నా గుహలో లోపలికి తీసుకువెళ్లే చిన్న రైలు దిగాక సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు ఎత్తుపల్లాల్లో నడవాలి, లోపల ఎప్పుడూ 10 డిగ్రీల చలే. మీవారి కోసం దానిని వదిలివేయడమే మంచిది.

ప్రశ్న: ఐరోపా ప్రయాణంలో ఆవకాయ, నెయ్యి, కందిపొడి వెంట తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురానివ్వరు కనుక నెయ్యి ఇంట్లోనే ఉంచండి. తాజా కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కందిపొడికి అభ్యంతరం ఉండదు. ఆవకాయను నూనె కారకుండా గట్టిగా మూసి, చేతిసంచిలో కాక చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి.