ఆటిజం ఉన్న మా అబ్బాయికి 18 నిండబోతున్నాయి, ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

కాగితాల సంగతి చెప్తాను. అంతకంటే ముందు ఒకటి అడుగుతాను: వాడు ఒక్కడే అంగడికి పోయి రాగలడా? మా వాడికిప్పుడు 22. తిరుపతిలోనే ఉంటాం. సర్టిఫికెట్ల వెంట తిరుగుతూ నేను ఈ పని ఆలస్యంగా మొదలుపెట్టాను, ఆ బాధ ఇంకా పోలేదు.

19 ఏళ్లప్పుడు మా తమ్ముడి టైలరింగ్ అంగడికి నడిచిపోవడం నేర్పాను. అక్కడ గుండీలు కుడతాడు, వాడు కుట్టిన గుండీ ఊడదు. మొదట పక్కనే నడిచాను, తర్వాత పది అడుగుల వెనక, ఆ తర్వాత యాభై. అంతా బాగుందనుకుంటుండగా మే నెల వచ్చింది. గంగజాతర సంగతే మర్చిపోయాను. మలుపు తిరగ్గానే పలకల మోత, వేషాలేసుకున్న పిలకాయలు, రోడ్డు నిండా జనం. వాడు రెండు చెవులూ మూసుకుని మూసిన అంగడి మెట్టు మీద కూలబడి ఊగడం మొదలుపెట్టాడు. "పొద్దున్నే తాగినాడేమో" అని ఎవరో అనుకుంటూ పోయారు. పరిగెత్తబోయి, కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాను. ఎంతసేపో తెలీదు. చివరికి వాడే లేచాడు. పూలమ్మే ఆమె దగ్గరికి పోయి జేబులోని కార్డు తీసి చూపించాడు. ఆమెకు చదువు రాదు. "యాడికి పోవాల నాయనా?" అంటూనే దారినపోయే పిల్లాడికిచ్చి ఫోన్ చేయించింది. కార్డు మీద మామ నంబరే ఉంది, నాది కావాలనే రాయలేదు. మా తమ్ముడు వెనక సందులోంచి వచ్చి తీసుకుపోయాడు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను.

ఇది నేర్పేవాళ్లెవరూ మాకు దొరకలేదు. మీసాలొచ్చిన వాణ్ణి తీసుకెళ్తే, చిన్నపిల్లలనే చూస్తామన్నారు ఒక థెరపీ సెంటరులో. బంధువులేమో పెళ్లి చేస్తే సర్దుకుంటాడంటారు. ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఆ వచ్చే పిల్ల బతుకేం కావాలి?

ఇక కాగితాలు. 18 నిండాక కన్నవాళ్లమైనా చట్టప్రకారం మనం సంరక్షకులం కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి, మనల్ని సంరక్షకులుగా నియమించమని దరఖాస్తు పెట్టుకోవాలి. 2022లో జిల్లా వేరయ్యాక కలెక్టరు తిరుపతిలోనే ఉన్నారు, చిత్తూరు పోనక్కర్లేదు. నిరామయ ఆరోగ్య బీమా కూడా తీసుకోండి, వైద్య ఖర్చులకు 1 లక్ష రూపాయల దాకా వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత సంరక్షణ అని ఉంది. అందులో నిర్ణయాలు వాడితో మాట్లాడే తీసుకోవాలి. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒక బ్యాంకులో వాడు ఎదురుగా కూర్చునుండగానే "సంతకం ఎవరు పెడతారమ్మా?" అని నన్నడిగారు. పెన్ను వాడి చేతికే ఇచ్చాను.

రేపు పాల ప్యాకెట్‌తో మొదలుపెట్టండి. వారం రోజులు మీరూ వెళ్లండి, పది అడుగుల వెనక.