హన్మకొండలో ఉండి, టెలిస్కోప్ లేకుండా నక్షత్రాల పరిశోధనకు పనికొచ్చే పని ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు తమ్ముడూ. డిగ్రీ చదువుతున్నా, ఇంట్లో టెలిస్కోప్ కొనిచ్చే పరిస్థితి లేదు, ఉత్త కళ్ళతో చూసి ఫొటోలు పెట్టుకోవడం కాకుండా నిజంగా ఎవరికైనా ఉపయోగపడేది చేయాలని ఉంది అన్నావు. కొత్త గ్రహాలు కనిపెట్టడం, గెలాక్సీలు కొలవడం మన డాబా మీద నుంచి అయ్యే పని కాదు. కానీ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలు ఉన్నాయి, ఫలానా రాత్రి ఫలానా టైముకు అది ఎంత వెలుగుతో ఉందో రాసి పంపడం మాత్రం నీ చేతిలో పని.

నాది మెడికల్ షాపు, ఖగోళం చదువుకున్నోణ్ణి కాదు. మొదట నేను కూడా టెలిస్కోపే కావాలనుకుని, డబ్బా మీద ఐదు వందల రెట్లు పెద్దగా చూపిస్తుందని రాసి ఉంటే నమ్మి ఆన్‌లైన్‌లో ఏడు వేలు పెట్టి తెప్పించా. దాని స్టాండు ఎట్లా ఉండేదంటే, పక్కన ఎవరైనా నడిచినా ఊగేది. చందమామ తప్ప ఇంకేదీ అందులో నిలవలేదు, ఇప్పుడది అటక మీద ఉంది. కాబట్టి టెలిస్కోప్ లేదన్న బాధ వదిలెయ్.

నాకు దారి చూపించింది ఆరుద్ర. వ్యవసాయం ఇంట్లో పుట్టినోళ్ళకు ఈ పేరు చెప్పక్కర్లేదు, మా బాపు మిరుగం తర్వాత ఆరుద్ర కార్తె ఎప్పుడొస్తదా, వాన ఎట్లుంటదా అని లెక్కేసుకునేవాడు. ఆ ఆరుద్ర అంటే ఆకాశంలో ఉన్న ఒక ఎర్ర చుక్కేనని, ఇంగ్లీషోళ్ళు దాన్ని బీటెల్‌జూస్ అంటారని నాకు ముప్పై దాటాక తెలిసింది. ఇంకో తమాషా ఏంటంటే ఆరుద్ర కార్తెలో ఆ చుక్క కనపడదు, ఆ రోజుల్లో సూర్యుడు దాని దగ్గరే ఉంటాడు కాబట్టే ఆ కార్తెకు ఆ పేరు. చూడాలంటే చలికాలం రావాలి. జనవరిలో రాత్రి పదింటికి నేను షాపు కట్టేసి ఇంటికొచ్చే టైముకు సరిగ్గా నడినెత్తికి దగ్గర్లో ఉంటుంది.

2019 చివర్లో అది మసకబారడం మొదలైంది. మామూలుగా దాని వెలుగు 0.5 దగ్గర ఉంటుంది. ఈ అంకెలు ర్యాంకుల్లాంటివి, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. 2020 ఫిబ్రవరి నాటికి 1.6కు పడిపోయింది, అంటే వెలుగు దాదాపు మూడో వంతుకు వచ్చింది. పేలిపోతుందని, సూపర్‌నోవా అయిపోతుందని ఫోన్లలో ఒకటే గోల.

నేను నవంబరు నుంచే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. పద్ధతి చాలా సులువు. వెలుగు మారని చుక్కలు రెండు పట్టుకోవాలి, ఒకటి మన చుక్క కంటే ఎక్కువ వెలుగుది, ఇంకోటి తక్కువది. నేను రోహిణిని (అవును, రోళ్ళు పగిలే కార్తె పేరున్న రోహిణే) ఒక పక్క పెట్టుకున్నా, అది సుమారు 0.9. రెండో పక్క ఆరుద్రకు దగ్గర్లోనే ఉండే బెలాట్రిక్స్, 1.6. మన చుక్క ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో అనిపిస్తే 1.2 లేదా 1.3 అని రాస్తావు, అంతే. కాకపోతే రెండు జాగ్రత్తలు. మూడు చుక్కలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు చూడాలి, కింద ఉన్న చుక్కను దుమ్మూ పొగా తినేస్తాయి. ఎర్ర చుక్కను గుడ్లప్పగించి చూడొద్దు, చూసేకొద్దీ ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుగా అనిపిస్తుంది. ఒక చూపు చూసి కళ్ళు తిప్పుకోవాలి.

ఇక నేను చేసిన తప్పు. డిసెంబరులో వార్త చదివినప్పటి నుంచి నా అంకెలు దబదబా పడిపోయాయి. నెలాఖరుకు 1.6 అని రాసేశా. తర్వాత వేరేవాళ్ళు పంపినవన్నీ కలిపి గీసిన గ్రాఫు చూస్తే అప్పటికి అది 1.3 చుట్టుపక్కలే ఉంది. అబద్ధం రాయలేదు తమ్ముడూ, నిజంగానే నా కంటికి అట్లా కనపడింది, చదివింది కంట్లోకి దిగింది. అప్పుడు మా పెద్దోణ్ణి వాడుకున్నా, పదకొండేళ్ళు, వానికి వార్తలు పట్టవు. డాబా మీదికి తీసుకుపోయి ఏది ఎక్కువ వెలుగు, ఏది తక్కువ అని మాత్రం అడిగేవాణ్ణి. ఫిబ్రవరిలో ఒకరోజు వాడు "రెండూ ఒక్కతీరే ఉన్నయి డాడీ" అన్నాడు ఆరుద్రనూ బెలాట్రిక్స్‌నూ చూపించి. ఆ రోజు రాసిన అంకె ఒక్కటే నాకు గర్వంగా ఉంటుంది.

అది ఎందుకు మసకబారిందో తర్వాత తేలింది. నక్షత్రం తన పైపొర నుంచి పెద్ద ముద్దను బయటికి కక్కింది, హబుల్ టెలిస్కోప్ 2019లోనే ఆ పదార్థం బయటికి పోవడం పట్టుకుంది. అది చల్లారి దుమ్మైపోయి నక్షత్రం దక్షిణ భాగాన్ని కప్పేసింది. చిలీలో ఉన్న వెరీ లార్జ్ టెలిస్కోప్ తీసిన బొమ్మల్లో ఆ సగం నల్లగా కనపడుతుంది, 2021లో ఆ పరిశోధన వచ్చింది. నాకు బాగా నచ్చింది మాత్రం జపాన్ వాళ్ళది. వాన మబ్బులు చూడ్డానికి పంపిన హిమవారి-8 ఉపగ్రహం ఫొటోల్లో భూమి అంచు పక్కన ఆరుద్ర కూడా పడుతోందని గమనించి, ఆ పాత ఫొటోల్లోంచి ఏళ్ళ తరబడి దాని వెలుగు లెక్క తీశారు.

ఇంత పెద్ద యంత్రాలుండగా మన కళ్ళెందుకంటావా? పెద్ద టెలిస్కోపులకు ఇంత వెలుగున్న చుక్క చూడ్డం కష్టం, ఫొటో తెల్లగా మాడిపోతుంది. పైగా వాటి టైము ఒక్కో నక్షత్రానికి ఏళ్ళ తరబడి దొరకదు. ఆరుద్రకు సుమారు ఆరేళ్ళకోసారి వెలుగులో ఒక ఊపు ఉందని తెలిసింది వందేళ్ళకు పైగా పేరుకున్న లెక్కల వల్లే, వాటిలో మనలాంటోళ్ళు కంటితో చూసి రాసినవి బోలెడు. ఆ ఊపుకు కారణం పక్కన చిన్న తోడు నక్షత్రం ఉండటమేమో అని 2024లో లెక్కలు కట్టారు, 2025 జూలైలో హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోప్‌తో అది కనపడిందని ప్రకటించారు.

మన దగ్గర కూడా ఇది కొత్తేం కాదు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వైను బప్పు, కాలేజీలో ఉన్నప్పుడే వెలుగు మారే నక్షత్రాల మీద వ్యాసాలు ప్రచురించాడు. తర్వాత ఆయన మన దేశంలో పెద్ద ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు.

పంపాల్సింది అమెరికాలో 1911లో మొదలైన వేరియబుల్ స్టార్ (వెలుగు మారే నక్షత్రం) అబ్జర్వర్ల సంఘానికి, పొట్టిగా ఏఏవీఎస్ఓ అంటారు. ఖాతా ఉచితం, నీకొక కోడ్ ఇస్తారు. టైము మాత్రం మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేసి రాయాలి, నేను మొదటి నెలంతా అది మర్చిపోయా. చౌరస్తా లైట్లకు భయపడకు, ఆరుద్ర లాంటి పెద్ద చుక్కలకు హన్మకొండ ఆకాశం చాలు.

ఈ ఎండాకాలం డాబా మీద పడుకున్నప్పుడు ఇంకో పని చెయ్. స్వాతి (ఆర్క్‌టురస్), అభిజిత్ (వేగా) అనే రెండు పెద్ద చుక్కల మధ్యలో, స్వాతికి దగ్గరగా, సగం విరిగిన చేతిగాజులాంటి చుక్కల వంపు ఉంటుంది, అది ఉత్తర కిరీటం. దాని అంచు బయట టీ కొరోనే బొరియాలిస్ అనే చుక్క ఉంది, మామూలుగా కంటికి కనపడదు. 1866లో, 1946లో ఒక్కసారిగా వెలిగి కనపడింది, మళ్ళీ వెలుగుతుందని 2024 నుంచి ప్రపంచమంతా కాచుకుని కూర్చుంది. ఆ వంపులో ఎన్ని చుక్కలున్నాయో ముందే బొమ్మ గీసి పెట్టుకో. ఏ రాత్రైనా ఒకటి ఎక్కువ కనపడితే మొదట టైము రాసుకో, ఫోన్ తర్వాత తియ్.