జనవరిలో మనాలీ: మంచులో ఆట చెడేది చలివల్ల కాదు, తడివల్ల

అడిగింది ఇది: ఎనిమిది మంది కాలేజీ ఫ్రెండ్స్ జనవరిలో హైదరాబాద్ నుంచి మనాలీ వెళ్తున్నారు. మంచులో ఆడుకోవడానికి ఏం కొనాలి, ఎక్కడికెళ్లాలి?

మనం లంబసింగిలో పొగమంచునీ మంచే అంటాం, తెల్లారి గడ్డి మీద పేరుకున్నదాన్నీ మంచే అంటాం. మనాలీలోది చేత్తో ఎత్తి విసిరే మంచు. ఒంటి వేడికి కరిగి నీళ్లవుతుంది. అందుకే లావుపాటి స్వెటర్ కన్నా ముందు కాళ్లూ చేతుల సంగతి చూసుకోండి. జీన్స్, కాటన్ సాక్స్ హోటల్లోనే వదిలేయండి, తడిస్తే సాయంత్రం దాకా ఆరవు. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని స్వెటర్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు.

కోట్లు, గమ్‌బూట్లు సోలాంగ్ (మనాలీ దగ్గర మంచు ఆటలాడే లోయ) దారిలో షాపుల్లో అద్దెకిస్తారు. గమ్‌బూట్లు ఒక సైజు పెద్దవి అడగండి. రెండు జతల సాక్స్ వేసి బిగుతు బూట్లలో కుక్కితే రక్తం సరిగా ఆడక వేళ్లు మొద్దుబారతాయి. అద్దె బూట్లు లోపల చెమ్మగా ఉంటాయి, సాక్స్ మీద పాలిథిన్ కవర్ తొడగండి. గ్లవ్స్ మాత్రం కొనాల్సిందే. ఉన్నివి నాలుగు మంచు ఉండలు చుట్టేసరికి తడిసిపోతాయి. స్కీ గ్లవ్స్ ఖరీదనిపిస్తే పల్చటి ఉన్ని గ్లవ్స్ మీద గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్, పెద్ద సైజువి, వేసుకోండి. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ పని చేస్తాయి.

పొద్దున్నే గట్టి చలిలో మంచు పొడిగా ఉంటుంది, నెయ్యి తక్కువైన రవ్వలడ్డులా ఉండ విడిపోతుంది. ఎండ తగిలిన చోట మంచు తీసుకుని నొక్కితే కుదురుతుంది. జనం తొక్కి గడ్డకట్టిన చోటు నుంచి తీయొద్దు, అది ఐసు, రాయితో సమానం. ఉండలు విసురుకునేటప్పుడు మెడ కిందకే కొట్టాలని ముందే మాట అనుకోండి.

గాలి నింపిన రబ్బరు ట్యూబ్ మీద జారేటప్పుడు కాళ్లు ముందుకు పెట్టి కూర్చోండి, తల ముందుగా వద్దు. కింద చదును నేల చాలా దూరం ఉండాలి, చెట్టూ రాయీ రోడ్డూ ఉండకూడదు. ఒకరు పక్కకి తప్పుకున్నాకే ఇంకొకరు. ఆగకపోతే పక్కకి దొర్లిపోవడమే.

సోలాంగ్ మనాలీకి 13 కిలోమీటర్లు. అక్కడ మంచు పల్చగా ఉంటే 9.02 కిలోమీటర్ల అటల్ టనెల్ దాటి అవతలి సిస్సు ఊరికి వెళ్లండి. స్థానిక పండుగలకి కొన్నిసార్లు అటువైపు టూరిస్టులని ఆపుతారు, టాక్సీవాళ్లని ముందే అడగండి. కొత్తగా మంచు పడిన రోజు మామూలు కార్లని పోలీసులు ఆపేస్తారు, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) కావాలి. శీతాకాలంలో రోహ్తాంగ్ కనుమ మూసే ఉంటుంది, చూపిస్తామన్నవాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి. పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరి, మూడింటికి తిరుగుముఖం పట్టాలి. పగలు కరిగిన నీళ్లు సాయంత్రం రోడ్డు మీద గడ్డకడతాయి, చూస్తే తడి తారులా కనబడుతుంది.

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. చలువ కళ్లద్దాలు తప్పనిసరి, సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాయండి. ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే రుద్దొద్దు, చలిమంట దగ్గర పెట్టొద్దు. కాలినా తెలియదు. చంకలో పెట్టుకుని కూర్చోండి, స్పర్శ తిరిగి రాకపోతే నేరుగా ఆసుపత్రికి. మందు కొట్టి మంచులోకి దిగొద్దు, వెచ్చగా అనిపిస్తుందే గానీ ఒంట్లో వేడి పోతుంది. మనిషికో జత పొడి సాక్స్, ఇంకో జత గ్లవ్స్ కవర్లో చుట్టి టాక్సీలోనే ఉంచండి.