డూప్లికేట్ తాళంతో కారు తలుపు తెరుచుకుంటుంది, ఇంజను మాత్రం ఎందుకు స్టార్ట్ కాదు?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది: కారుతో వచ్చిన రెండు తాళాల్లో ఒకటి పోయింది. రోడ్డు పక్కన 300 రూపాయలిచ్చి ఒక తాళం చేయించారు. దానితో తలుపు తెరుచుకుంటోంది, సెల్ఫ్ కూడా తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. షోరూంలో కొత్త తాళానికి 11 వేలు చెప్పారు. ఇద్దరిలో ఎవరు మోసం చేస్తున్నారని మీ ప్రశ్న. తాళం చేసినవాడు మోసం చేయలేదు. షోరూంవాళ్లు కాస్త గట్టిగానే అడుగుతున్నారు గానీ, వాళ్లు చెప్పే పని, అంటే తాళంలోని చిప్పును కారుకు నమోదు చేయడం, మాత్రం నిజమైనదే.

ఈ విషయం నాకు తెలిసిన తీరు కొంచెం సిగ్గుపడాల్సినది. మాది 2014 నాటి చిన్న కారు. ఒక ఆదివారం దాని తాళం ప్యాంటు జేబులోనే ఉండిపోయి, వాషింగ్ మెషీన్‌లో గంటసేపు తిరిగింది. విప్పి చూస్తే లోపలి నుంచి సబ్బు నురుగు కారింది. బటన్ సెల్లు పాడైంది, లోపలి సర్క్యూట్ పలక మీద పచ్చగా చిలుము పట్టింది, రిమోట్ బటన్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఇక అయిపోయిందనుకుంటూ తాళం పెట్టి తిప్పితే, ఇంజను ఎప్పటిలాగే స్టార్ట్ అయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వుతారని ఎవరినీ అడగలేదు.

కొన్ని నెలల తర్వాత డూప్లికేట్ చేయించడానికి విజయవాడలో ఒక చెట్టు కింద చిన్న మిషను పెట్టుకుని కూర్చునే పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన నా తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తలుపుకైతే పనికొస్తుంది బాబూ, బండి నడపడానికి కాదు" అన్నారు. నేను నమ్మలేదు. ఆయన విసుక్కోకుండా తాళం కోసి, ఆకురాయితో అంచులు రుద్ది, నాతోపాటు కారు దాకా వచ్చారు. కొత్త తాళం పెట్టి తిప్పితే సెల్ఫ్ గిరగిరా తిరిగింది, ఇంజను ఒక్క క్షణం లేచి చచ్చిపోయింది. డ్యాష్‌బోర్డులో కారు బొమ్మ మీద తాళం గుర్తు గబగబా మినుకుమంటోంది. అప్పుడాయన నా చేతిలోని పాత తాళం తీసుకుని, దాని ప్లాస్టిక్ తలను కొత్త తాళం పక్కనే ఆనించి పట్టుకుని, "ఇప్పుడు తిప్పండి" అన్నారు. తిప్పాను. స్టార్ట్ అయింది. వాషింగ్ మెషీన్‌లో మునిగి తేలిన ఆ తాళమే!

మీ దగ్గర ఇంకా ఒక అసలు తాళం ఉంది కాబట్టి ఇదే పరీక్ష మీరూ చేసి చూడవచ్చు.

ఆ ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన చిప్పు ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం దూర్చే రంధ్రం చుట్టూ, పైకి కనబడకుండా, ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట 125 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చిప్పులోని చిన్న చుట్ట దాని నుంచే కరెంటు తీసుకుని మేలుకుంటుంది. ఫోన్లను తీగ లేకుండా చార్జ్ చేసే పలక ఉంది చూడండి, అదే సూత్రం. అందుకే సెల్లు చచ్చినా నా తాళం పనిచేసింది. బటన్ సెల్లు కావాల్సింది తలుపులు తెరిచే రిమోట్‌కే.

మేలుకున్న చిప్పును కారు ఒక ప్రశ్న అడుగుతుంది. అప్పటికప్పుడు పుట్టించిన ఒక అంకె పంపిస్తుంది. చిప్పు తనలో దాచుకున్న రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబు పంపుతుంది. అదే రహస్యం కారుకూ తెలుసు కాబట్టి, అదీ లెక్క కట్టి సరిచూసుకుంటుంది. సరిపోతేనే ఇంజను కంప్యూటర్ ఇంధనాన్ని, స్పార్కును వదులుతుంది. బ్యాంకు ఓటీపీ లాగా ప్రతిసారీ జవాబు మారుతుంది. రహస్య సంఖ్య మాత్రం ఎప్పుడూ గాలిలోకి రాదు. కాబట్టి పక్కన నిలబడి ఎవరైనా ఆ సంభాషణను పట్టుకున్నా, రేపటి ప్రశ్నకు అది జవాబు కాదు. ఈ ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు. చిప్పుల్లో పాత రకాలు కొన్ని బలహీనమైనవని తర్వాత తేలింది. 40 బిట్ల రహస్యం ఉన్న ఒక రకాన్ని అమెరికా పరిశోధకులు 2005లోనే ఛేదించి చూపించారు. కానీ మామూలు దొంగను ఆపడానికి ఇది చాలా పెద్ద అడ్డు.

ఎంత పెద్ద అడ్డో తెలియాలంటే అది లేనిచోట ఏం జరిగిందో చూడాలి. ఐరోపాలో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అమెరికాలో అలాంటి చట్టం లేదు. అక్కడ 2011 నుంచి 2021 వరకు హ్యుందాయ్, కియా కంపెనీలు అమ్మిన, తాళం తిప్పి నడిపే మోడళ్లలో చాలావాటికి ఇది పెట్టలేదు. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మూత పీకి, యూఎస్‌బీ కేబుల్ మొనతో తిప్పితే చాలని టిక్‌టాక్‌లో వీడియోలు తిరిగాయి. ఆ దొంగతనాలకు ఊళ్లకు ఊళ్లు అల్లాడాయి. చివరికి ఆ కంపెనీలు స్టీరింగ్‌కు బిగించే ఇనుప తాళాలు ఉచితంగా పంచాల్సి వచ్చింది. పిల్లలు వీడియో చూసి నేర్చుకున్న పనిని ఆపగలిగేది ఆ బియ్యపు గింజంత చిప్పే.

రిమోట్ బటన్ సంగతి వేరు. అది మన దేశంలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, నొక్కిన ప్రతిసారీ కోడు మారుతుంది. దీని గురించి ఇంతకు మించి అక్కర్లేదు.

జేబులోంచి తీయకుండానే, బటన్ నొక్కి స్టార్ట్ చేసే తాళాలు ఉన్నవాళ్లు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. తాళం దగ్గరలో ఉందా లేదా అని కారు చూసుకునేది సిగ్నల్ అందుతోందా అన్నదాన్ని బట్టే. ఇద్దరు దొంగలు రెండు పరికరాలతో వచ్చి, ఒకరు కారు దగ్గర, ఇంకొకరు మీ వీధి తలుపు దగ్గర నిలబడి ఆ సిగ్నల్‌ను అటూ ఇటూ మోస్తే, తాళం పక్కనే ఉందని కారు నమ్మేస్తుంది. రహస్యాన్ని ఛేదించాల్సిన పనే లేదు. జూరిచ్‌లోని పరిశోధకులు 2011లో పది మోడళ్ల మీద ప్రయత్నిస్తే పదీ మోసపోయాయి. మా బావమరిది ఇంట్లో అలాంటి తాళాన్ని రాత్రిళ్లు మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో వేస్తారు. మీరూ అలా చేసేట్టయితే, తాళాన్ని లోపల పెట్టిన డబ్బాను పట్టుకుని కారు పక్కన నిలబడి తలుపు లాగి చూడండి. తెరుచుకుంటే ఆ డబ్బా పప్పులకు వాడుకోవచ్చు.

ఇక మీ 11 వేల సంగతి. కొత్త చిప్పును కారుకు పరిచయం చేయాలి. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకు స్కానర్ తగిలించి, చాలా కార్లలో చాసిస్ నంబరును బట్టి కంపెనీ ఇచ్చే పిన్ కూడా కొట్టి, తాళాన్ని నమోదు చేస్తారు. ఈ పని బయట చేసేవాళ్లూ ఉన్నారు. నాకు చిప్పుతో కలిపి 3,200 అయింది, రిమోట్ లేకుండా. చిప్పున్న తాళాలు చేస్తారా అని ముందే అడిగి, కారు స్టార్ట్ అయ్యాకే డబ్బులివ్వండి. పోయిన తాళాన్ని కారు జ్ఞాపకం నుంచి తీసేయమని కూడా చెప్పండి. అలా తీసేశాక, అది ఎవరికి దొరికినా తలుపు తెరవగలరు గానీ బండి నడపలేరు.

దీన్ని వాయిదా వేయవద్దు. ఒక తాళం చేతిలో ఉండగా రెండోది చేయించడం ఒక ఖర్చు. ఉన్న ఒక్కటీ పోయాక చేయించడం ఇంకో ఖర్చు: బండిని లాక్కెళ్లాలి, తాళం తెప్పించేదాకా రోజులు ఆగాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు పట్టుకుని తిరగాలి. నా స్నేహితుడికి ఇరవై వేలు దాటింది. తాళం పోయినట్టు పోలీసులకు ఒక ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోండి. రేపు కారు దొంగతనానికి గురైతే బీమా వాళ్లు రెండు అసలు తాళాలూ చూపించమంటారు. కారు కొన్నప్పుడు తాళాల గుత్తికి నంబరున్న చిన్న బిళ్ల వేలాడి ఉంటే, దాన్ని కూడా వెతికి ఫోటో తీసుకోండి.

ఆ 300 రూపాయల తాళాన్ని పారేయకండి. నాది మా ఆవిడ పర్సులో ఉంటుంది. అసలు తాళాన్ని కారులోనే వదిలేసి తలుపు వేసుకున్న రెండు సందర్భాల్లో అదే ఆదుకుంది. అలారం ఉన్న కారైతే దానితో తెరవగానే మోగవచ్చు. లోపలున్న అసలు తాళం పెట్టి తిప్పితే మా కారులో ఆగిపోతుంది, ఈలోపు అపార్టుమెంటువాళ్లంతా బాల్కనీల్లోకి వస్తారు.