జన్యు మార్కర్ల పరిశోధనకు ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును జన్యు వ్యక్తీకరణను బట్టి అంచనా వేసే మార్కర్లపై పీహెచ్‌డీ చేయాలనుంది. ల్యాబ్ పని వచ్చు, కోడింగ్ రాదు. మెషీన్ లెర్నింగ్ కోర్సులో చేరమంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష, దానితోపాటు సర్వైవల్ అనాలిసిస్, అంటే రోగం తిరగబెట్టడం లాంటి ఘటనకు ఎంత కాలం పడుతుందో లెక్కగట్టే పద్ధతి నేర్చుకోండి. ఈ రంగంలో జన్యువుల జాబితా తయారు చేయడం తేలిక. అది పనికొస్తుందని రుజువు చేయడమే కష్టం. యాదృచ్ఛికంగా ఏరిన జన్యువుల జాబితాలు కూడా చాలావరకు రొమ్ము క్యాన్సర్ ఫలితాలతో ముడిపడి కనిపిస్తాయని 2011లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. కణ విభజన వేగాన్ని బట్టి ఎన్నో జన్యువులు కలిసికట్టుగా పెరిగి తగ్గుతుంటాయి. మీరు దేన్ని పట్టుకున్నా చాలాసార్లు ఆ వేగాన్నే కొలుస్తుంటారు.

రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టే ముప్పుకు స్కోరు ఇచ్చే జన్యు పరీక్ష ఆంకోటైప్ డీఎక్స్ ఎలా నిలబడిందో చదవండి. అందులో ఉన్నవి 21 జన్యువులే. వాటిలో 5 కేవలం పోలిక కోసం. దాని వెనక టైలరెక్స్ అనే ట్రయల్ ఉంది, అందులో పది వేల మందికి పైగా మహిళలు పాల్గొన్నారు. లింఫ్ గ్రంథులకు పాకని, ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న), హెర్2 నెగెటివ్ (హెర్2 ప్రొటీన్ అధికంగా లేని) క్యాన్సర్‌లో స్కోరు 11 నుంచి 25 మధ్య ఉంటే, మొత్తమ్మీద హార్మోన్ చికిత్స ఒక్కటే సరిపోతుందని 2018లో తేలింది. యాభై ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు వారిలో మాత్రం స్కోరు 16 నుంచి 25 మధ్య ఉంటే కీమోతో కొంత మేలు కనిపించింది.

సాధనకు మెటాబ్రిక్ అనే రొమ్ము క్యాన్సర్ జన్యు డేటా తీసుకోండి. దాదాపు 2,000 కణితులున్నాయి, రోగులను చాలా ఏళ్లు గమనించారు. టీసీజీఏ అనే మరో క్యాన్సర్ జన్యు డేటాలో ఆ గమనింపు కాలం తక్కువ. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు కాబట్టి అది పెద్ద లోటే. కాక్స్ మోడల్‌లో (సర్వైవల్ అనాలిసిస్‌లో పలు కారణాల ప్రభావాన్ని కలిపి చూసే పద్ధతి) వయసు, కణితి సైజు, గ్రేడ్, లింఫ్ గ్రంథుల స్థితి పెట్టాక మీ మార్కర్ అదనంగా ఏమైనా చెబుతోందా అన్నదే అసలు ప్రశ్న.

ఎక్కువమంది బోల్తా పడేది ఒకచోట: మొత్తం డేటా మీద జన్యువులను ఏరి, ఆ తర్వాత క్రాస్ వాలిడేషన్ చేస్తారు, అంటే డేటాను భాగాలుగా (ఫోల్డ్‌లుగా) విడగొట్టి, ఒక్కో భాగాన్ని పక్కన పెట్టి మిగతాదానితో తయారైన మోడల్‌ను దాని మీద పరీక్షిస్తారు. ఏరడం కూడా ప్రతి ఫోల్డ్ లోపలే, పక్కన పెట్టిన భాగాన్ని చూడకుండా జరగాలి. అనుమానమొస్తే రోగుల ఫలితాలను కావాలనే కలగాపులగం చేసి, కోడ్ మొదటి నుంచీ నడపండి. అంచనా ఎంత బాగుందో చెప్పే సీ-ఇండెక్స్ 0.5 చుట్టుపక్కలకు, అంటే గుడ్డి ఊహ స్థాయికి పడిపోవాలి. అప్పుడూ 0.7 వస్తోందంటే డేటా ఎక్కడో లీకవుతోంది.

మీ ల్యాబ్ అనుభవాన్ని తక్కువ అంచనా వేయకండి. ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో భద్రపరిచిన కణజాలంలో ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. అక్కడ ఆర్‌ఎన్‌ఏ నాణ్యతకు ఆర్‌ఐఎన్ అనే కొలత కంటే, 200 న్యూక్లియోటైడ్ల కంటే పొడవైన ముక్కల శాతం చెప్పే డీవీ200 చూడటం మేలు. పీసీఆర్‌కు చిన్న ఆంప్లికాన్లు (పీసీఆర్ నకలు తీసే భాగాలు) ఎంచుకోవాలి. నమూనాలో మామూలు కణజాలం ఎక్కువగా కలిస్తే స్కోరే మారిపోతుంది. ఇవి తెలిసి, గణాంకాలూ వచ్చినవారు అరుదు. డయాగ్నస్టిక్ కంపెనీల్లో అస్సే వాలిడేషన్ (పరీక్ష నమ్మదగినదని రుజువు చేసే) పనికి కావలసింది అలాంటివారే.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు రెండు అడగండి: ఏళ్ల తరబడి ఫాలో-అప్ ఉన్న నమూనాలు మీ దగ్గర ఉన్నాయా? బృందంలో గణాంక నిపుణులు ఉన్నారా? రెండింటికీ లేదంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి.