జిప్సీ ముందు నుంచి వచ్చే శబ్దం: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు చెప్పినప్పటి నుంచి మనసంతా నీ బండి మీదే ఉంది. కాఫీ బస్తాలు మొయ్యడానికి, గెడ్డలు (వాగులు) దాటడానికి పాత మారుతీ జిప్సీ కొన్నావు, మంచి పని చేశావు. కానీ ముందు నుంచి గుర్రుమని శబ్దం వస్తోందని, మెకానిక్ రెండు వైపులా బేరింగులు మార్చేద్దామంటున్నాడని అన్నావు. అప్పుడే ఒప్పుకోకు. ఆ శబ్దం ఎప్పుడు వస్తోందో, ఏం చేస్తే ఆగుతోందో నీకు తెలిసేదాకా ఒక్క నట్టు కూడా విప్పనివ్వకు.

ముందు ఫ్రీవీల్ హబ్బులతో మొదలుపెట్టు. అవంటే ముందు చక్రాల మధ్యలో ఉండి, చక్రాన్ని లోపలి షాఫ్టుతో కలిపేవి, విడదీసేవి. నీ బండికి చేత్తో తిప్పే హబ్బులే ఉన్నాయని ఫొటోలో చూశాను. టూ వీల్ డ్రైవ్‌లో, అంటే ఇంజిన్ వెనక చక్రాలనే తిప్పేటప్పుడు, హబ్బులు ఫ్రీలో ఉంటే ముందు చక్రం ఒక్కటే తిరుగుతుంది. చక్రాలకు వెళ్లే లోపలి యాక్సిల్ షాఫ్టులు, వాటి మధ్య పళ్ల చక్రాల డబ్బా డిఫరెన్షియల్, దానికి ఇంజిన్ వైపు నుంచి వచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కదలవు. లాక్‌లో పెడితే, టూ వీల్ డ్రైవ్‌లోనే నడుపుతున్నా సరే, అవన్నీ చక్రాలతో పాటు తిరుగుతాయి. కాబట్టి టూ వీల్ డ్రైవ్‌లోనే, ఒకే రోడ్డు మీద, ఒకే నలభై స్పీడులో, ఒకసారి ఫ్రీలో, ఒకసారి లాక్‌లో నడిపి చూడు. లాక్‌లోనే శబ్దం వస్తే తప్పు లోపల ఉంది: ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులో (షాఫ్టు చివర మడత తిరిగే జాయింటు), డిఫరెన్షియల్‌లో, యాక్సిల్ షాఫ్టులో. రెండింటిలోనూ వస్తే చక్రం బేరింగు, టైరు, బ్రేకు చూడాలి. ఈ ఒక్క పనితో సగం వెతుకులాట తగ్గిపోతుంది.

రెండు హబ్బులూ ఒకే గుర్తు మీద ఉన్నాయో లేదో కూడా చూసుకో. ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఒకసారి బండి కడిగించాక ఇలాంటి శబ్దమే మొదలైంది. ఒక షెడ్డులో చూపిస్తే రెండు బేరింగులూ మార్చారు. డబ్బు పోయింది, శబ్దం పోలేదు. చివరికి గ్రీజు కొట్టే పెద్దాయన ఒకాయన వంగి చూసి, ఎడమ హబ్బు లాక్‌లో, కుడి హబ్బు ఫ్రీలో ఉందని చూపించాడు. ఒక పక్క చక్రం షాఫ్టును తిప్పుతుంటే రెండో పక్క షాఫ్టు వెనక్కి తిరుగుతూ, డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ల చక్రాలు ఊరికే అరిగిపోతున్నాయి. చేత్తో తిప్పితే సరిపోయింది. ఆ రోజు నుంచి ఏ బండి దగ్గరికి వెళ్లినా ముందు హబ్బులే చూస్తాను.

హబ్బులు రెండూ ఫ్రీలో ఉన్నా శబ్దం వస్తుంటే, ఖాళీ రోడ్డులో కొద్దిగా ఎడమకీ కుడికీ తిప్పుతూ నడుపు. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి బేరింగు మీద అనుమానపడు. బేరింగు అనిపించేది టైరు కూడా కావచ్చు. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు అచ్చం అలాగే హోరు పెడుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్చి నడుపు. శబ్దం కూడా వెనక్కి వెళ్తే తప్పు టైరుదే.

తర్వాత చదునైన చోట వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టు. ఉత్త జాకీని నమ్మి కిందకి దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడుతుంటే, ఎవరినైనా బ్రేకు తొక్కమని మళ్లీ ఊపు. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగు వదులైనట్టు. అయినా ఆడుతుంటే కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం ఏ ఇరుసు మీద తిరుగుతుందో అది) చూడాలి. పక్కలకు పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగు కడ్డీ చివరి జాయింటు) చూడాలి. చక్రం తిప్పుతూ కమాన్ కట్ట (స్ప్రింగు పట్టీలు) మీద అరచెయ్యి ఆనించు. బేరింగు పాడైతే ఇసుక నలిగినట్టు చేతికి తెలుస్తుంది.

మెల్లగా వెళ్లేటప్పుడు పిచ్చుక అరిచినట్టు కిచకిచమంటే క్రాసులో గ్రీజు ఎండిపోయినట్టు. జిప్సీలో గేర్‌బాక్సుకీ, బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకీ మధ్య ఇంకో చిన్న షాఫ్టు ఉంటుంది. అది హబ్బులతో సంబంధం లేకుండా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దాని క్రాసు శబ్దం ఛాసిస్ వెంట పాకి ముందు నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. దాన్ని మర్చిపోకు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టక్ టక్ మంటే చక్రం వెనక జాయింటు. గీరుతున్నట్టు కీచుమంటే బ్రేకు డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య గులకరాయి ఇరుక్కుందేమో చూడు. గుంతల్లో మాత్రమే కొట్టుకుంటే కమాన్ బుష్షులు, షాక్ అబ్జార్బర్లు.

ఫోర్ వీల్‌లో తారు రోడ్డు మీద మలుపు తిప్పితే బండి బిగుసుకుని మూలుగుతుంది. అది జబ్బు కాదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఆ తేడా గట్టి రోడ్డు మీద జారిపోయే దారి లేక షాఫ్టుల మీద పడుతుంది. ఫోర్ వీల్ బురదలో, ఇసుకలో, గెడ్డలో మాత్రమే వెయ్యి.

హబ్బు విప్పాల్సి వస్తే పాత గ్రీజు రంగు చూడు. మజ్జిగలా తెల్లబడితే గెడ్డ నీళ్లు లోపలికి వెళ్లినట్టే. సీలు మార్చకుండా కొత్త బేరింగు వేస్తే అదీ పాడవుతుంది. బేరింగు వేసేటప్పుడు లోపలి కోను, బయటి కప్పు రెండూ కొత్తవే వేయించు.

చక్రం ఆడుతుంటే మాత్రం అరకు దారిలోని అనంతగిరి ఘాట్ దిగొద్దు నాన్నా. ఖాళీ బండైనా సరే దిగొద్దు. నాకు ఫోన్ చెయ్యి. సామాన్లు తీసుకుని ఎస్.కోటలో (శృంగవరపుకోటలో) బస్సెక్కి నేనే వస్తాను.

మీ మామయ్య