సల్ఫర్ కే-ఎడ్జ్‌లో 2478, 2480 దగ్గర పీకులు: సల్ఫర్ ఆక్సిడైజ్ అయినట్టేనా?

తార్నాకలో చేసిన లిథియం-సల్ఫర్ సెల్‌ను ఒక ఛార్జ్-డిశ్చార్జ్ సైకిల్ తర్వాత విప్పి క్యాథోడ్‌ను సల్ఫర్ కే-ఎడ్జ్ దగ్గర, అంటే గంధకం ఎక్స్-కిరణాలను ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకునే శక్తి దగ్గర, కొలిస్తే, మామూలు గంధకపు 2472 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టుల) పీకుతో పాటు 2480 దగ్గర పెద్దది, 2478 దగ్గర చిన్నది వచ్చాయన్నారు. ఆక్సిడేషన్ అని రాసేముందు ఎలక్ట్రోలైట్‌ను అనుమానించండి.

2480 దగ్గర కనిపించేది చాలావరకు ఎలక్ట్రోలైట్‌లో కరిగించే లిటీఎఫ్‌ఎస్‌ఐ (LiTFSI) అనే లిథియం ఉప్పులోని సల్ఫోనిల్ గంధకమే (రెండు ఆక్సిజన్లు అతుక్కున్నది). డైమీథాక్సీఈథేన్ అనే ద్రావకంతో కడిగితే తగ్గుతుంది గానీ పాలీసల్ఫైడ్లు (సెల్ నడిచేటప్పుడు ఏర్పడే గంధకపు గొలుసులు) కూడా కొట్టుకుపోతాయి. నేనైతే కడగను. అదే ఎలక్ట్రోలైట్‌లో తడిపిన సెపరేటర్‌ను (ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టే పొరను) విడిగా కొలిచి, దాన్ని రెఫరెన్సుగా ఫిట్‌లో పెట్టడం మేలు.

ఆ పీకు అంత పెద్దగా ఉండటానికి ఇంకో కారణం సెల్ఫ్-అబ్సార్ప్షన్, అంటే శాంపిల్ మందం వల్ల బలమైన పీకు అణిగిపోవడం. ఎడ్జ్ దాటగానే శుద్ధ గంధకంలోకి ఎక్స్-కిరణం దిగేది రెండు మూడు మైక్రాన్లే. గింజలు అంతకన్నా పెద్దవైతే ఫ్లోరెసెన్స్‌లో (శాంపిల్ తిరిగి వెలువరించే కిరణాలను కొలిచే పద్ధతిలో) 2472 పీకు నెత్తి అణిగిపోతుంది, పక్కనున్న చిన్న పీకులు లేని గొప్ప తెచ్చుకుంటాయి. కాబట్టి ఎత్తుల నిష్పత్తిని శాతాలుగా చదవకండి. రెఫరెన్సు పొడులను బోరాన్ నైట్రైడ్‌లో ఒక శాతం దాకా పలచన చేసి, మెత్తగా నూరి, గంధకం లేని టేపు మీద పలచగా పూయండి. ఖాళీ టేపునూ ఒకసారి స్కాన్ చేయాలి; కొన్ని కార్బన్ టేపుల జిగురులోనే గంధకం ఉంటుంది.

2478 సల్ఫైట్ చోటు. స్కాన్లను కలిపేయకుండా ఒకదానిమీద ఒకటి వేసి చూడండి. స్కాన్ స్కాన్‌కీ పెరుగుతుంటే అది బీమ్ చేసిన పని: సల్ఫేట్ కిరణాల కింద సల్ఫైట్‌గా మారడం తెలిసిందే. స్పాట్ మార్చండి, బీమ్‌ను వెడల్పు చేయండి, వీలైతే చల్లబరచండి. కొత్త స్పాట్ మీద మొదటి స్కాన్‌లోనే అంతే ఎత్తు ఉంటే, అప్పుడు శాంపిల్‌ను అనుమానించాలి. వానాకాలంలో గ్లవ్ బాక్స్ (గాలి, తేమ తగలని పెట్టె) నుంచి ఎక్స్-కిరణాలతో కొలిచే బీమ్‌లైన్ దాకా పౌచ్ సీలు నిలిచిందో లేదో చూడండి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (ఎక్స్-కిరణాలిచ్చే కేంద్రంలో) ఇలాంటి కొలతలు చేసే స్కానింగ్ ఎక్సాఫ్స్ లైను 4 కిలో ఈవీ పైన గానీ మొదలవదు కనుక, ఈ శాంపిళ్లకు దూర ప్రయాణం తప్పదు.

క్యాలిబ్రేషన్ కూడా సరిచూసుకోండి. సోడియం థయోసల్ఫేట్ మొదటి పీకును 2472.02 దగ్గర పెడితే సల్ఫేట్ 2482.5 చుట్టూ వస్తుంది. ఒకటిన్నర ఈవీ జరిగితే సల్ఫోన్ కాస్తా ఇంకో ఆక్సిజన్ ఎక్కువున్న సల్ఫోనేట్ అయి కూర్చుంటుంది.

ఇంతకీ మీ సెల్ కథ చెప్పేది 2470–2471 దగ్గరి చిన్న భుజం (పెద్ద పీకు పక్కనున్న ఉబ్బు). పాలీసల్ఫైడ్ గొలుసు చివరి గంధకం అక్కడే కనిపిస్తుంది. ఎడ్జ్ దగ్గర 0.1 ఈవీ స్టెప్‌తో కొలిస్తే స్పష్టంగా విడిపోతుంది.